నూతన రాజధానికి వలస

గుంటూరు మిర్చి యార్డు వాకిటను, నరసరావుపేట కోర్టు వరండాలలోను, చీరాల బట్టల దుకాణములయందును, ఒంగోలు పెండ్లిపందిళ్లలోను నేడొక్క ప్రశ్నయే వినవచ్చుచున్నది. "రెండెకరముల చేను విక్రయించి అమరావతిలో నింత స్థలము కొందుమా? పిల్లలతో గూడ కాపురము నచ్చటికే మార్చుదుమా?" 2025 మే 2వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు వచ్చి రాజధాని పనులను మరల నారంభించి పోయిన నాటినుండి ఈ ప్రశ్నకు వేడి హెచ్చినది. అంతకు ముందే, 2024 డిసెంబరులో, ప్రపంచబ్యాంకును ఆసియా అభివృద్ధి బ్యాంకును చెరి దాదాపు 80 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసియుండెను.

అడుగుట తప్పు గాదు. తాతలనాటి యూరు విడుచుట సామాన్యమైన సంగతియా? అయినను ఈ ప్రశ్న యడుగబడుచున్న తీరు మాకు నచ్చలేదు. ఎంతసేపును గజము ధర నిరుడెంత, నేడెంత, వచ్చు నేడు ఎంత యను లెక్కయే కాని, అచ్చటికి పోయి యేమి చేసి బ్రతుకుదుమను లెక్క యెవ్వరి నోటను రాదు. గజముల లెక్క దళారికి చాలును. సంసారికి చాలదు.

మనవారికి వలస క్రొత్త గాదు. నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప బోధన్ ప్రాంతములకు పోయి వరియు చెఱకును పండించినవారు కోస్తా రైతులే. తుంగభద్ర కాలువలు పారిన మీదట సింధనూరు, గంగావతి తాలూకాలకు పోయి 'క్యాంపు' లను పేర తెలుగు పల్లెలు కట్టుకొన్నవారును వారే. ఓరుగల్లు, ఆదిలాబాదు నల్లరేగళ్లలో ప్రత్తి సేద్యము చేయ బోయినవారిలో గుంటూరువారి పాలు తక్కువది గాదు. వీరందఱు నిచ్చట ఒక యెకరమమ్మి అచ్చట నాలుగెకరములు కొనిరి. ఊరు మారినది కాని వృత్తి మారలేదు. ఎద్దు, నాగలి, విత్తనము, చేతిలోని నేర్పు వెంట పోయినవి. నేడు మన రైతు తలపెట్టిన వలస యట్టిది గాదు. నాలుగెకరముల యజమాని నాలుగువందల గజముల యజమాని కానున్నాడు. ఆపైన నాతని నేర్పునకు అచ్చట పనియేమి?

ఈ సందర్భమున మన ప్రాంతపు చరిత్రయందలి యొక పెద్ద వలసను జ్ఞప్తికి దెచ్చుకొనుట యావశ్యకము. చీరాల, పేరాలలను 1919లో పురపాలక సంఘముగా మార్చిరి. అంతకు ముందు యూనియనుకు ఏటికి సుమారు 4,000 రూపాయలు చెల్లించుచుండిన ప్రజలపై పన్నుభారము దాదాపు 40,000 కు పెరుగు స్థితి వచ్చెను. నేతపనివారును చిన్న వర్తకులును అధికముగా నున్న యూళ్లవి. మొఱపెట్టిరి, వినువారు లేరైరి. 1921 ఏప్రిలు నెలలో, బెజవాడ కాంగ్రెసు సభ ముగిసిన పిమ్మట, గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపెను: అహింసతో పన్నులు నిరాకరించుట యొకటి, ఊరు ఖాళీచేసి పురపాలకపు టెల్లలు దాటిపోవుట రెండవది. ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవదానినే యెన్నుకొనిరి. ఆ నెలాఖరున, మండుటెండలలో, పదునైదువేల చిల్లర జనములో పదమూడువేల పైచిలుకు జనులు బిడ్డలతో, పశువులతో, తట్టబుట్టలతో వెడలిపోయి, ఎల్లల కావల రామనగరమని పేరిడి పందిళ్లు, పాకలు వేసికొనిరి. రామదండువారు వీధులు తీర్చిరి, కావలి గాచిరి. పదునొకండు మాసములు ఆ పాకలలో కాపురము చేసిరి. నాయకుడు చెఱసాల పాలయ్యెను, నిధులు సన్నగిల్లెను, తుదకు ప్రజలు తిరిగి పాత యిండ్లకు చేరిరి.

ఆ త్యాగమును తక్కువచేయుట మా యుద్దేశము గాదు. అట్టి కట్టుబాటు ఈ దేశమున మరల నెచ్చట కానవచ్చినది? అయినను మనము గమనింపవలసిన విషయమొకటి యున్నది. మగ్గము గుంతలో దిగి కూర్చుండును. గుంత తడిసిన నేత సాగదు. వర్తకునకు పాత వీధిలోనే వాడుకదారుడు. పట్టుదల యెంత యున్నను, జీవనోపాయము పాత యూరిలో నుండి కాపురము మాత్రమే క్రొత్త యూరిలో నుండిన, ఆ యూరు నిలువదు. రామనగరము నిలువకపోవుటకు ప్రభుత్వపు నిర్బంధ మెంత కారణమో ఇదియు నంత కారణమని మా యభిప్రాయము.

ఇక రాజధానుల సంగతి. ఆంధ్రుడు ఒక జీవితకాలములో ఎన్ని రాజధానులు చూచినాడు! మదరాసు విడిచి 1953 అక్టోబరు 1న కర్నూలు చేరితిమి. డేరాలలో కార్యాలయములు నడచినవి. హైకోర్టు 1954 జూలై 5న గుంటూరున వెలసినది. కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తి. గుంటూరున కిక తిరుగులేదని నాడు తలచినవారు లేకపోలేదు. రెండేండ్ల నాలుగు మాసములు గడచునప్పటికి, 1956 నవంబరులో, రాజధానియు హైకోర్టును హైదరాబాదునకు తరలిపోయినవి. ప్రభుత్వపు టుత్తరువుతో వచ్చినది ప్రభుత్వపు టుత్తరువుతోనే పోవచ్చును. కాని గుంటూరు చెడిపోయినదా? చెడిపోలేదు. ప్రత్తి జిన్నింగు మిల్లులు, పొగాకు వ్యాపారము, మిరప బజారు ఆ యూరిని నిలబెట్టినవి. కోర్టు తరలిపోగలదు కాని మిరపపంట తరలిపోదు.

అమరావతి కథయు నీ దృష్టితోనే పరిశీలింపవలెను. 2014 జూను 2న రాష్ట్రము విడిపోయినది. ఆ ఆగస్టులో శివరామకృష్ణన్ సంఘము, విజయవాడ గుంటూరుల నడుమనున్న మాగాణులపై మహానగరము మోపుట మేలు గాదనియు, కార్యాలయములను రాష్ట్రమందు పలుచోట్ల పంచుట మంచిదనియు సూచించెను. ప్రభుత్వ మా సలహాను గైకొనలేదు. కృష్ణ దక్షిణపు టొడ్డున 29 గ్రామములలో 217 చదరపు కిలోమీటర్ల నేల రాజధానికి నిర్ణయమైనది. రైతులు 33,000 ఎకరములకు పైగా భూసమీకరణ క్రింద ఇచ్చిరి. ఎకరమనగా 4,840 గజములు. మెట్ట ఎకర మిచ్చినవానికి 1,000 గజముల నివాసస్థలమును 250 గజముల వాణిజ్యస్థలమును, జరీబు ఎకర మిచ్చినవానికి 1,000 గజములును 450 గజములును తిరిగి ఇత్తుమని ఒడంబడిక. పదేండ్లపాటు ఏటికి మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయలతో మొదలై ఏటేట పెరుగు కౌలు. భూమి లేని కుటుంబమునకు నెలకు 2,500. అరటి, కూరగాయలు, పూలు, ఏటికి మూడు పంటలు పండిన ఆ జరీబు భూముల పైన నేడు పంట లేదు.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగినది. 2019 డిసెంబరు 17న నాటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు శాసనసభలో మూడు రాజధానులు కావచ్చునని పలికిరి. ఆ యొక్క పలుకుతో పనులు నిలిచినవి, బేరములు నిలిచినవి. తవ్విన పునాదులలో నీరు నిండి చెరువులైనవి. భూములిచ్చిన రైతులు, ముఖ్యముగా స్త్రీలు, ఏండ్ల తరబడి దీక్షాశిబిరములలో కూర్చుండిరి. 2021లో తుళ్లూరు నుండి తిరుపతి వఱకు నడచిరి. ఆ యేడు నవంబరులో మూడు రాజధానుల శాసనము రద్దయ్యెను. 2022 మార్చి 3న హైకోర్టు ఒడంబడిక ప్రకారము రాజధానిని నిర్మించి తీరవలెనని తీర్పు చెప్పెను. 2024 జూనులో ప్రభుత్వము మారి చంద్రబాబునాయుడుగారు తిరిగి వచ్చిన పిమ్మటనే పనులు కదలినవి. ఆ యేడు మొట్టమొదట చేయవలసివచ్చిన పని యేమి? రోడ్లు వేయుట గాదు, మొలచిన ముళ్లకంపలు కొట్టించుట. స్థలము కొనదలచిన రైతులు ఈ సంగతిని బాగుగా మనస్సున నిలుపుకొనవలెను. చేను చెడిన యేట గూడ నాలుగు గింజలో, ఇంత పశుగ్రాసమో ఇచ్చును. ఖాళీస్థలము కంపనే పండించును.

ఉద్యోగుల యనుభవమును జూడుడు. 2016లో సచివాలయము వెలగపూడికి వచ్చినపుడు వారికి అయిదుదినముల వారము నిచ్చిరి, ఇంటియద్దె భత్యము పెంచిరి, పిల్లల స్థానికతకై రాష్ట్రపతి యుత్తరువునే సవరించిరి. అయినను అనేకులు శుక్రవారము సాయంకాలము హైదరాబాదు రైలెక్కి సోమవారము తిరిగివచ్చిరి. వారిని నిందించుట న్యాయము గాదు. భార్య యుద్యోగ మొకచోట, పిల్లల చదువొకచోట, తన కుర్చీ యొకచోట నున్న మనుష్యుడేమి చేయును? నగరమనగా భవనములు గావు. బడి, వైద్యుడు, కూరల బజారు, బంధువు, రేపటి పని. ఢిల్లీకి రాజధానిని మార్చుదుమని 1911లో చాటిరి; కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవము 1931లో జరిగెను. ఆస్ట్రేలియావారు కాన్బెఱ్ఱా స్థలమును 1908లో ఎన్నుకొని 1927లో అచ్చట పార్లమెంటు కూర్చుండబెట్టిరి. నగరమునకు ఒక తరము పట్టును. ఇరువదియైదేండ్ల యువకుడు వేచియుండగలడు. అఱువదేండ్ల తండ్రి పొలమమ్మి వేచియుండుట యెట్లు?

ఇంతవఱకు చదివి మేము పల్లెను విడువవద్దని బోధించుచున్నామని యెవ్వరైన తలతురేమో. పల్లెయే స్వర్గమని పత్రికాకార్యాలయములో గూర్చుండి వ్రాయుట సులభము. 1987-88లో ప్రత్తిని పచ్చపురుగు తినివేయగా, అప్పులు తీర్పజాలక గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021-22లో నల్లతామర పురుగు మిరపపూతను మాడ్చివేసినది. 2025 ఆరంభమున మిరపధర పడిపోగా, కేంద్రము ఫిబ్రవరిలో క్వింటాలునకు 11,781 రూపాయలని మార్కెటు జోక్యపు ధర నిర్ణయింపవలసివచ్చెను. ఆ యేడు ఆగస్టులోనే ప్రత్తిపై నున్న 11 శాతము దిగుమతి సుంకమును డిసెంబరు వఱకు ఎత్తివేసిరి. కొత్త పంట సరిగా అంగటికి వచ్చు కాలమది! ఇన్ని దెబ్బలు తిన్నవాడు కుమారుని సేద్యమున దింప నిరాకరించిన, ఆతనిని తప్పుపట్టు నధికారము మా కెక్కడిది?

మఱియు నొక మాట. గుంటూరు, తెనాలి, మంగళగిరివారి ప్రశ్నయు, కనిగిరి, మార్కాపురమువారి ప్రశ్నయు నొకటి గాదు. మొదటివారికి కొత్త నగరము పొరుగూరు వంటిది. ఉదయము పోయి సాయంకాలము ఇల్లు చేరవచ్చును. 2017లో మొదలైన విశ్వవిద్యాలయములు, 2019 నుండి నేలపాడున నడచుచున్న హైకోర్టు, మంగళగిరి అఖిలభారత వైద్యసంస్థ వారి వాకిటనే యున్నవి. వీరు కాపురము మార్చనేల? పశ్చిమ ప్రకాశపు మెట్టలలో నున్నవారి స్థితి వేఱు. వాన లేనిది పంట లేదు. వెలిగొండ నీటికై తరములు కనిపెట్టుకొనియున్నవి. కనిగిరి వైపున నేలనీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసి, నడివయస్సులోనే నడుములు వంగినవారు గలరు. అట్టి చోట బిడ్డలకు మంచినీరు దొరకుటకై ఊరు విడిచినవాడు గజముల లెక్క వేసి పోవుట లేదు. వాడు పోవలసినదే. హైదరాబాదునకో, బెంగుళూరునకో దూరము పోవుటకంటె స్వరాష్ట్రమున, వృద్ధులైన తలిదండ్రులకు ఒకపూట ప్రయాణములో నుండుట మేలు. ఆడపిల్లను దూరపు హాస్టలునకు పంప జంకి చదువు మాన్పించు కుటుంబములకును సమీపమున నగరము పెరుగుట గొప్ప యుపకారము. ఈ లాభములను మేము చిన్నచూపు చూడము.

ఈ యాలోచనలలో ఇంటి యిల్లాలి మాట యెంత వినబడుచున్నది? మన జిల్లాలలో పసుపుకుంకుమ క్రింద కుమార్తెకు పొలమిచ్చుట పూర్వాచారము. నేడు నగరస్థలమునకై అమ్మజూపు పొలములలో అట్టివి తక్కువ గావు. రిజిస్ట్రారు కచేరీలో ఆమె సంతకము పడును. ఇంటివద్ద ఆమె సమ్మతి యడిగినవారెందఱు? రాజధాని కొఱకు దీక్షాశిబిరములలో ఏండ్లు కూర్చుండగలిగినవారు, తమ పొలమును గూర్చి మాటాడలేరా?

ఇంకొక వలస గలదు. దానిని గూర్చి లాభనష్టముల చర్చ యే పందిటిలోను జరుగదు. కర్నూలు జిల్లా పడమటి మండలముల నుండి, ఆదోని, మంత్రాలయము వైపునుండి, ఏటేట వేలకొలది కుటుంబములు సుగ్గికని బయలుదేరి మన చేలకు వచ్చును. ప్రత్తి తీయునది వారు, మిరపకాయ కోయునది వారు. చేలగట్లపై గుడారములు వేసికొని, బడిమాన్పించిన పిల్లలను వెంట నుంచుకొని, కోతలు కాగానే తిరిగిపోదురు. మనము రెండెకరము లమ్మి పోవుదుమా యని తర్కించుకొను ఆ రెండెకరములపై వారి కూలి యున్నది, కౌలుదారుని బ్రతుకున్నది. బ్రెజిలువారు 1960లో తమ రాజధానిని బ్రెజీలియాకు మార్చిరి. దానిని కట్టిన కూలీలకు ఆ యందమైన నగరమున చోటు దొరకక, దూరముగా వేఱు పేటలు వెలసినవి. నేడు అమరావతిలో ఇటుక మోయువారికి ఆ నగరమున నిల్లుండునా? ఈ ప్రశ్నకు ప్రభుత్వము ఇప్పుడే సమాధానము చెప్పవలెను. భవనములు లేచిన పిమ్మట చెప్పుటకు చోటు మిగులదు.

మా నిర్ణయము దాచుకొననక్కరలేదు. అచ్చట పని దొరకినవాడు పోవలెను. అద్దె యింట నుండి, పొలము నమ్మక పోవలెను. ఉద్యోగమో, చదువో, వ్యాపారమో, న్యాయవాదవృత్తియో చేతనుండి పోవువానికి అమరావతి మంచి నగరమే కాగలదు. ధర పెరుగునని మాత్రమే పోవువాడు 2019 డిసెంబరును మఱువగూడదు. మిరపధర పడిన యేట ఆ నష్టము పూడ్చుకొనుటకై నల్లరేగడి నమ్మువాడు రెండు చోట్లను నష్టపోవును: చేను తక్కువకు పోవును, స్థలము ఎక్కువకు వచ్చును. ప్రభుత్వమునకు మేము చెప్పునది, ముందు భూములిచ్చిన రైతులకు ఒడంబడిక ప్రకారము రోడ్డు, నీరు, దీపములతో స్థలముల నప్పగింపుమని. ఆ పని ముగియకుండ మరికొన్ని గ్రామముల భూములను కోరుట మాకు సమ్మతము గాదు.

పొలము నుంచుకొని నగరమునకు పోవు రైతులు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టము క్రింద కౌలుదారునకు కార్డు రావలెనన్న భూయజమాని సంతకము చేయవలెను. గడువు పదునొకండు నెలలు మాత్రమే. దానివలన యాజమాన్యమునకు భంగము లేదు. అయినను భూమి పోవునను భయముచే చాలమంది సంతకము చేయుట లేదు. కార్డు లేని కౌలుదారునకు బ్యాంకులో పంటఋణము దొరకదు, పంట చెడిన నష్టపరిహారము చేతికి రాదు. నగరమున కాపురముండు యజమాని పేరనే అవి జమయగుచున్నవి. ఈ యేడు మిరపనారు పోయుటకు ముందుగా, సామానులు బండి కెక్కించుటకు ముందుగా, ఆ కాగితముపై సంతకము చేసి పోవలసినదని మన రైతులను కోరుచున్నాము.